రూపకు వచ్చే ఫోన్లు

ఆ ఎండాకాలం రూపను నౌకరిలో పెట్టించింది అమలే. రూప అడగలేదు, ఇంట్లో ఎవరూ పొమ్మనలేదు. గోడవైపు తిరిగి పడుకున్న మనిషిని ఎలాగైనా లేపి నలుగురిలో కూర్చోబెట్టాలని అమలకే అనిపించింది.

క్రిస్మస్‌కు ముందు రూపకు నొప్పులొచ్చాయి. నెలలు నిండిన ఆడపిల్ల కడుపులోనే పోయింది. చార్మినార్ అవతల జహనుమాలో వాళ్లది చిన్న ఇల్లు. ముందు గదిలో అమల, ఆమె భర్త ఇస్సాకు ఉంటారు. ఇస్సాకు ఫలక్‌నుమా దగ్గర రైలు పట్టాల మీద గ్యాంగ్‌మన్. వెనక గదిలో అతని తమ్ముడు జోయెల్, జోయెల్ భార్య రూప. జోయెల్ స్కూలు వ్యాను నడుపుతాడు. అత్తామామలు లేని ఇల్లు కాబట్టి పెద్దకోడలైన అమలే రూపకు అక్కా, అత్తా, అన్నీ. ఆస్పత్రి నుంచి వచ్చాక పొత్తిగుడ్డలూ దోమతెరా మూటకట్టి ఎవరికంటా పడకుండా బయటికి పంపింది అమలే. రూపకు తలస్నానం చేయించింది, ముద్దలు కలిపి పెట్టింది. అన్నం తినేది గానీ రూప మాట్లాడేది కాదు.

దానికితోడు ఆ ఫోన్లు. కాన్పయిన ఆస్పత్రి నుంచి ఒక తీయని గొంతు, "మీ పాపకు మొదటి టీకా వేయించారా? వేయిస్తే అవును అని చెప్పండి" అనేది. మొదటిసారి రూప ఫోన్‌ను దుప్పటి మీద వదిలేసి చూస్తూ కూర్చుంది. మరోసారి వచ్చినప్పుడు అమల లాక్కుని, "పాప లేదమ్మా. సచ్చిపోయింది" అని చెప్పింది. "అర్థమైంది. వచ్చే వారం మళ్లీ గుర్తుచేస్తాను" అన్నది ఆ గొంతు.

అమల దాన్ని తిట్టలేదు. అది మనిషి కాదని ఆమెకు తెలుసు. అలాంటి గొంతులతోనే ఆమె నౌకరి.

శాలిబండలో ఒక పెళ్లిబట్టల దుకాణం మీద ఉంది ఆమె ఆఫీసు. మూడు కంపెనీలకు వచ్చే ఫోన్లు అక్కడికి చేరతాయి. ఒకటి ఫ్రిజ్‌లూ ఏసీలూ బాగుచేసే కంపెనీ, ఒకటి బీమా కంపెనీ, ఒకటి ఊరంతా శాఖలున్న కాన్పుల ఆస్పత్రి. రూప కాన్పయిన ఆస్పత్రి వేరు. ఒక్కో కంపెనీకి ఒక్కో ఏజెంటు ఉంది. ఏజెంటు అంటే మాట్లాడే యంత్రం. తెలుగులో అడిగితే తెలుగులో, ఉర్దూలో అడిగితే ఉర్దూలో జవాబు చెబుతుంది. చాలామంది మనిషితోనే మాట్లాడామనుకుని ఫోన్ పెట్టేస్తారు. ఎవరైనా కోపంతో అరిచినా, ఏడ్చినా, మాట్లాడకుండా ఉండిపోయినా యంత్రం తడబడి ఆ ఫోన్‌ను మనిషికి అందిస్తుంది. అలా అందుకునేవాళ్లే శాలిబండ ఆఫీసులో వరుసలుగా కూర్చున్న ఆడవాళ్లు.

ఏ కంపెనీకీ విడిగా మనుషులు లేరు. మూడింటికీ కలిపి ఒకే గుంపు. ఆఫీసు కాగితాల్లో దాన్ని పూల్ అంటారు. ఆడవాళ్లు మాత్రం అడ్డా అంటారు, పొద్దున్నే కూలీలు వచ్చి నిలబడే అడ్డాలాగా. ఏ పూట ఎవరిని ఏ కంపెనీ ఫోన్లకు కూర్చోబెట్టాలో చెప్పేది అమల. అందుకని ఆమెను మేస్త్రి అని పిలిచేవాళ్లు. తిట్టేవాళ్లను ఓర్చుకోగలది కొమురమ్మ, లెక్కలు చెప్పగలది తనూజ, నెలసరి రోజుల్లో ఎవరిని కదిలించకూడదు, ఎవరి మొగుడు తాగొచ్చి కొడితే ఆ మర్నాడు ఎవరికి ఏ ఫోన్లు ఇవ్వకూడదు, అన్నీ అమల తలలో ఉండేవి.

రూపను ఆమె ఫ్రిజ్‌ల వరుసలో కూర్చోబెట్టింది. ఆస్పత్రి వరుసకు దూరంగా, కిటికీ పక్కన.

మొదటి వారం రూప గొంతు వినపడేదే కాదు. ఒకరోజు మొఘల్‌పురా నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేసి, తన ఫ్రిజ్‌లో పెరుగు గడ్డకట్టిందనీ, కత్తితో కోసుకోవాల్సి వస్తోందనీ లొల్లి పెట్టాడు.

"కత్తితోని కోసేదాన్ని పెరుగంటరా చాచా, జున్నంటరు. మీది మస్తు ఫ్రిజ్ ఉన్నది, నాకియ్యిండ్రి" అన్నది రూప.

అవతల ఆయన నవ్వాడు. రూప కూడా నవ్వింది. కొమురమ్మ తన ఫోన్ చేత్తో మూసి, అమల వైపు చూసి కనుబొమ్మలెగరేసింది. ఆ సాయంత్రం షేర్ ఆటోలో ఇంటికి పోతూ అమల దారిపొడుగునా మాట్లాడింది. ఏం మాట్లాడిందో తనకే గుర్తులేదు. ఆ రోజు రూప జోయెల్ కోసం దారిలో దిగి, బేరమాడి, అంజూరాలు కొన్నది.

అలా కొన్ని వారాలు బాగానే గడిచాయి.

ఏప్రిల్ రాకముందే ఎండ ముదిరింది. ఊళ్లో ఏసీలన్నీ ఒక్కసారే చెడిపోయినట్టు ఫోన్లు వచ్చిపడ్డాయి. ఫ్రిజ్ కంపెనీ మేనేజరు ఇంకా మనుషులు కావాలన్నాడు. అటు మనుషుల్ని తీస్తే ఆస్పత్రి ఫోన్లు ఆగిపోతున్నాయని ఆస్పత్రి మేనేజరు సుచరిత నుంచి సందేశాలు. బీమా మేనేజరుకు ఇద్దరి మీదా కోపం. ఈ ముగ్గురూ ఎప్పుడూ ఆఫీసుకు వచ్చినవాళ్లు కారు. అమల వాళ్లను తెర మీద పేర్లుగానే ఎరుగును. మూడు వైపుల నుంచీ తాళ్లు లాగుతుంటే మధ్యలో గుంజలా నిలబడింది ఆమె.

అప్పుడు ఆఫీసు పెద్ద శ్రవణ్‌కుమార్ కొత్త ఏర్పాటు తెచ్చాడు. అమలకంటే చిన్నవాడు, మెత్తటి మనిషి.

"అమలక్కా, ఇగ నీకు ఫికర్ లేదు. మూడు ఏజెంట్ల మీద ఇంకో ఏజెంటు వస్తున్నది. మనుషులను అదే పంచుతది. ఏ మేనేజరు లొల్లి పెట్టినా దానితోనే పెట్టుకోవాలె."

"మరి నేనేం జెయ్యాలె?"

"నువ్వు దానికి నేర్పియ్యాలె. ఒక నెల. నువ్వు ఎవరినన్న జరిపినప్పుడల్లా అది ఎందుకని అడుగుతది. నువ్వు జెప్పాలె, అది నేర్సుకుంటది."

ఆడవాళ్లు దానికి కొత్త మేస్త్రి అని పేరు పెట్టారు. అది అమల చెవిలోనే ఉండేది, మర్యాదస్తుడైన పంతులు గొంతుతో. కొమురమ్మను బీమా ఫోన్లకు మారిస్తే, "ఎందుకు మార్చారో చెప్పగలరా?" అనేది. "గాయన తిడ్తున్నడు. కొమురమ్మ అయితే ఓర్సుకుంటది" అనేది అమల. "ధన్యవాదాలు" అనేది. తనూజకు సగం పూట సులువైన ఫోన్లు ఇస్తే మళ్లీ "ఎందుకు?" అనేది. మొదట్లో అమలకు చిరాకేసింది. తర్వాత్తర్వాత అలవాటైంది. ఒకటి రెండుసార్లు అయితే ఇన్నేళ్లలో తన పని ఏమిటని అడిగింది ఇదొక్కటే కదా అని కూడా అనుకుంది.

నెల అయిపోవస్తుండగా అది రూప గురించి అడిగింది.

"అమల గారూ, రూప గారు ఖాళీగా ఉన్నప్పుడు కూడా మీరు ఆమెకు ఆస్పత్రి కాల్స్ ఇవ్వడం లేదు. కారణం చెప్పగలరా?"

"గామెకు వద్దు."

"కారణం తెలిస్తే నేర్చుకుంటాను. తెలియకపోతే వచ్చే నెల నుంచి అందరితోపాటు ఆమెకూ ఇవ్వవలసి వస్తుంది."

అమల కిటికీ వైపు చూసింది. రూప ఎవరికో ఏసీ అడుగున నీళ్లెందుకు కారుతాయో ఓపిగ్గా చెబుతోంది. ఆ సంగతి ఆఫీసులో ఎవరికీ చెప్పకూడదని మొదటి రోజే ఇద్దరూ అనుకున్నారు. కానీ చెప్పకపోతే జరిగేదేమిటో అది ఇప్పుడే చెప్పింది. అమల మైకును పెదాలకు దగ్గరగా పెట్టుకుని, గొంతు తగ్గించింది.

"ఆమెకు బిడ్డ పోయింది. ఇంకా ఆర్నెల్లు గూడ కాలే. గా దుఃఖం ఏందో ఆమెకు ఎర్క. గందుకే బిడ్డలు పోయినోళ్ల ఫోన్లు ఆమెకియ్యొద్దు. సమజైందా?"

"అర్థమైంది. ఇది చాలా ఉపయోగపడే సమాచారం. ధన్యవాదాలు."

భారం దిగినట్టు అనిపించింది అమలకు. చెప్పింది యంత్రానికే కదా, మనిషికి కాదు కదా అనుకుంది.

మే నెల మొదట్లో పంపకమంతా కొత్త మేస్త్రి చేతికి పోయింది. ప్రతి కుర్చీ ముందూ చిన్న దీపం పెట్టారు. ఫ్రిజ్ ఫోనైతే నీలం, బీమా అయితే పసుపు, ఆస్పత్రి అయితే ఆకుపచ్చ. అమలకు ఇక చేయడానికి పెద్దగా ఏమీ మిగలలేదు. చేతులు కట్టుకుని వరుసల మధ్య తిరుగుతుండేది. ఆ రోజు మధ్యాహ్నం భోజనాలకు ముందు అలా తిరుగుతూ కిటికీ వైపు చూసేసరికి, రూప ముందు దీపం ఆకుపచ్చగా ఉంది.

అమల పరుగెత్తలేదు. పరుగెత్తితే అందరూ చూస్తారు. తన బల్ల దగ్గరికి వెళ్లి, రూప లైను కలుపుకుని విన్నది.

"...దినాం ఫోన్ జేస్తున్నరు మేడం" అంటోంది అవతల ఒక ఆడమనిషి. "టీకా, టీకా. నేను లేదంటే గూడ ఇనదది. మా ఆయన ఫోను పలగ్గొడ్తనన్నడు."

అమల వేలు లైను తెంపే మీట మీద ఉంది. తెంపితే ఆ మనిషికి మళ్లీ యంత్రమే ఫోన్ చేస్తుంది.

"ఇగ చెయ్యరమ్మా" అన్నది రూప. "మీ నంబరు నేను తీసేస్తున్న. నా చేతులతోని తీసేస్తున్న, ఇగ రాదు."

"సరే మేడం."

"పాప ఎవరి పోలిక?"

అవతల, ఆమె వెనకాల ఎక్కడో కుక్కర్ కూత.

"నా పోలికనే అన్నది నర్సు. నన్ను సక్కగ సూడనియ్యలే."

"నన్ను గూడ సూడనియ్యలే" అన్నది రూప.

ఆ తర్వాత వాళ్లిద్దరూ మెల్లగా మాట్లాడుకున్నారు. అమల చెవి నుంచి హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. కాసేపటికి ఆకుపచ్చ దీపం ఆరి, నీలం వెలిగింది. "నమస్తే సార్, ఫ్రిజ్ ఏ కంపెనీది?" అన్నది రూప, అదే గొంతుతో.

భోజనాల దగ్గర అమల ఆమె పక్కకు చేరి, "నడువ్, ఇంటికి పోదాం" అన్నది.

"ఎందుకక్కా? డ్యూటీ అయిపోలే కదా" అన్నది రూప. డబ్బాలో అన్నమంతా తిన్నది.

అమల నేరుగా శ్రవణ్‌కుమార్ గదికి పోయింది. అతను తెర మీద చూసి, మెడ రుద్దుకున్నాడు.

"అక్కా, నువ్వు రెండు మాటలు జెప్పినవ్. ఆమెకు గా దుఃఖం ఎర్క అన్నవ్. దాన్ని అది అనుభవం కింద రాసుకున్నది. గసొంటి ఫోన్లు ఇయ్యొద్దన్నవ్. అది షరతు. షరతుకు ఆస్పత్రి మేనేజరు ఒప్పుకోవాలె. ఒప్పుకున్నట్టు రాలే. నెల అయిపోంగనే షరతు రద్దయిపోయింది. మొదటి మాట ఉండిపోయింది."

"గంటే నేను జెప్పినందుకే ఆమెకిచ్చిందా?"

"సుచరిత మేడంకు రాయి. ఆమె ఒప్పుకుంటే తీసేస్తది" అన్నాడు.

అమల రాసింది. నిమిషంలో జవాబు వచ్చింది. "మీ ఆవేదన మాకు అర్థమైంది. తప్పకుండా పరిశీలిస్తాం." మర్నాడు మళ్లీ రాసింది. మళ్లీ అదే జవాబు, మాటలు కాస్త అటూ ఇటూ మారి. అప్పటికే రూప ముందు దీపం పూటలో సగం ఆకుపచ్చగానే ఉంటోంది. ఆమెతో మాట్లాడిన తల్లులు ఫోన్ పెట్టేముందు మంచి మార్కులు ఇస్తున్నారు. మార్కులు పెరిగేకొద్దీ మేస్త్రి అలాంటి ఫోన్లన్నీ ఏరి ఏరి ఆమెకే పంపుతోంది. తర్వాత బీమా కంపెనీ ఏజెంటు కూడా రూపను అడగడం మొదలుపెట్టింది. పిల్లల పేరు మీద పాలసీలు కట్టి, వాళ్లు పోయాక మధ్యలోనే మూసేసుకునే తల్లిదండ్రులు ఉంటారు కదా, వాళ్ల కోసం. ఆ రెండు ఏజెంట్లూ పోటీపడితే మేస్త్రి తగవు తీర్చి, పొద్దున ఆస్పత్రికీ మధ్యాహ్నం బీమాకూ రూపను పంచింది. కిటికీ పక్కన నీలం దీపం వెలగడం మానేసింది.

"ఆ సుచరిత మేడంతోని నన్ను ఒక్కసారి మాట్లాడనియ్యి సార్" అని అడిగింది అమల. "ఆడమనిషి కదా. నోటితోని జెప్తే ఇంటది."

శ్రవణ్‌కుమార్ తలుపు వైపు చూసి, నెమ్మదిగా అన్నాడు. "సుచరిత మేడం మార్చి నుంచే లేదక్కా. కాన్పుకు పోయింది. ఆమె బదులు ఆమె ఏజెంటే జవాబిస్తున్నది."

"మరి ఆమె మీద ఎవరున్నరు?"

"ఒకాయన ఉన్నడు బెంగళూరుల. ఆయన వారానికోపారి నంబర్లు సూస్తడు. నంబర్లు మంచిగున్నయ్."

"నువ్వు ఆపలేవా?"

"నేను ఆపితే అది నన్ను ఎందుకని అడుగుతది" అన్నాడతను. "నేనేం జెప్పాలె? నువ్వు జెప్పిందే కదా జెప్పాలె."

ఆ మాటతో అమల లేచి వచ్చేసింది.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చాక, ఇంటి వెనక బట్టలు ఉతుకుతూ ఆమె రూపతో చెప్పింది. "నౌకరి ఇడిసిపెట్టు. నేను తీస్కపోయిన, నేనే జెప్తున్న. ఇడిసిపెట్టు."

రూప దుప్పటిని పిండుతోంది. ఒక కొస అమల చేతిలో ఉంది, రెండో కొస ఆమె చేతిలో.

"ఇడిసిపెడ్త. మరి గా ఫోన్లు ఎవరికి పోతయ్?"

"ఎవరికో పోతయ్. నీకెందుకు?"

"కొమురమ్మకు పోతయ్. కొమురమ్మ మంచిదే. కానీ ఏమంటది? దేవుడు రాసింది గంతే, పడుసుదానివి, మళ్ల పుడ్తరు తియ్ అంటది. నాకందరు గదే అన్నరు. నువ్వు గూడ అన్నవక్కా."

అమల చేతిలో దుప్పటి కొస అలాగే ఉండిపోయింది. అన్నది నిజమే. తలస్నానం చేయించిన రోజే అన్నది. మంచిమాటే అనుకుని అన్నది.

"దానికి నువ్వే జెప్పినవా, నా సంగతి?" అని అడిగింది రూప. కోపంగా కాదు, తెలుసుకోవడానికి అడిగినట్టు.

"జెప్పిన. నీకియ్యొద్దని జెప్పిన."

"సగమే ఇన్నది" అన్నది రూప. దుప్పటి తీసుకుని తీగ మీద ఆరేసింది.

ఆ తర్వాత ఇంట్లో అదొక రకంగా తయారైంది. రూప ఏడ్వలేదు, గోడవైపు తిరిగి పడుకోలేదు. వేళకు లేచేది, వంట చేసేది, అడిగినదానికి జవాబు చెప్పేది. ఆ చెప్పడంలోనే ఏదో ఉంది. స్కూలుకు సెలవులు కాబట్టి జోయెల్ ఎక్కువగా ఇంట్లోనే ఉన్నాడు. ఒకరోజు మెదక్ చర్చికి పోయొద్దాం, ఇద్దరమే, అన్నాడు.

"మంచి ఆలోచన. చూసి చెప్తాను" అన్నది రూప.

'చెప్తాను' అన్నది, 'జెప్త' అనలేదు. ముందు గదిలో కూరగాయలు తరుగుతున్న అమలకు ఆ ఒక్క మాట ఫోన్లోని యంత్రం మాటలా వినపడింది.

మరో పొద్దున జోయెల్ చాయ్ గ్లాసు పట్టుకుని భార్య పక్కన గడప మీద కూర్చున్నాడు. అమల లోపల ఉన్న సంగతి వాళ్లిద్దరికీ తెలుసు. చిన్న ఇంట్లో తెలియకపోవడం ఉండదు.

"రూపా, పాప నాది గూడ" అన్నాడు జోయెల్. "నేను ఎవరితోని చెప్పలే. నాకెవరు ఫోన్ జెయ్యరు. వ్యానుల పిల్లలు ఎక్కుతుంటే దినాం..." గ్లాసు కింద పెట్టి, చేతుల్లో మొహం దాచుకున్నాడు.

రూప ఆగింది. చాలా ఓపిగ్గా ఆగింది.

"మీ బాధ నాకర్థమైతది" అన్నది చివరికి. "ఇంకేమన్న చెప్పాలనుకుంటున్నరా?"

జోయెల్ తల ఎత్తి ఆమెను చూశాడు. తర్వాత లేచి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. రూప అతని గ్లాసు తీసుకుని కడిగి బోర్లించింది. అమలకు అర్థమైంది. ఆ మాట ఆమె వెటకారంగా అనలేదు, మనసు రాయి చేసుకునీ అనలేదు. ఆమె దగ్గర ఇప్పుడు ఉన్న మంచిమాట అదొక్కటే. ఉన్నదే ఇచ్చింది.

జోయెల్ సాయంత్రం వ్యాను దగ్గర వదినను పట్టుకున్నాడు. "ఆమెను నువ్వు తీస్కపోయినవ్ వదినా. మళ్ల తీస్కరా" అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు. స్కూళ్లు తెరిచే ముందే జహీరాబాద్‌లో ఏదో కంపెనీ బస్సు నడిపే పని చూసుకుని పోయాడు. మొదట్లో ఆదివారాలు వచ్చేవాడు. వచ్చినా ముందు గదిలో అన్న పక్కనే పడుకునేవాడు. తర్వాత ఆదివారాలు కూడా డ్యూటీ ఉందని ఇస్సాకుకు ఫోన్ చేసి చెప్పడం మొదలైంది.

జూన్‌లో శ్రవణ్‌కుమార్ అమలను గదిలోకి పిలిచాడు. ఈసారి కుర్చీ తనే జరిపి కూర్చోమన్నాడు. మనుషుల్ని పంచడానికి మనుషులు అవసరం లేదని పైన తేల్చారట. ఆమెతోపాటు ఇంకో ఇద్దరికి ఈ నెలే ఆఖరు. "నేను గూడ ఎన్ని రోజులుంటనో తెల్వదక్కా" అన్నాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు.

"రూప?"

"రూపకు ఢోకా లేదు. ఆమెను ఇంటి నుంచే పని జెయ్యమంటున్నరు. గసొంటి ఫోన్లు ఇప్పుడు వేరే ఊర్ల నుంచి గూడ వస్తున్నయట. మూడు కంపెనీలు కాదు, ఇంకా చేరుతున్నయట."

అమల ఎవరికీ చెప్పకుండా మెట్లు దిగింది. దుకాణం ముందు బొమ్మలకు కొత్త పెళ్లిబట్టలు తొడుగుతున్నారు. ఫలక్‌నుమా వైపు పోయే ఆటోలు ఆగి పిలుస్తున్నాయి. ఆమె ఎక్కలేదు. జహనుమా వరకూ నడిచే వచ్చింది.

ఆ తర్వాత వాళ్ల ఇల్లు ఇలా నడిచింది. వెనక గదిలో జోయెల్ సామాన్లు తీసేసి బల్ల వేశారు. పొద్దున్నే రూప స్నానం చేసి, జడ వేసుకుని, ఆ గదిలోకి పోయి తలుపు వేసుకుంటుంది. అమల బయట ఇంటి పనులు చేసుకుంటుంది. గోడ పలుచన. మాటలు స్పష్టంగా వినపడవు గానీ గొంతు వినపడుతుంది. అంత ప్రేమగా, అంత నిదానంగా ఎవరెవరితోనో మాట్లాడుతుంటుంది. ఒక్కోసారి ఆ గొంతు చిన్నగా నవ్వుతుంది కూడా. భోజనానికి బయటికి వచ్చినప్పుడు ఆ గొంతు ఉండదు.

"కూరల ఉప్పు సరిపోయిందా?"

"సరిపోయింది."

"జోయెల్ ఫోన్ చేసిండా?"

"లేదు."

అంతే. కంచం కడిగి లోపలికి పోతుంది. సాయంత్రం డ్యూటీ అయ్యాక గడప మీద కూర్చుని సందులోకి చూస్తుంటుంది. పక్కింటి సక్కుబాయి పలకరిస్తే తలాడిస్తుంది. మాటలన్నీ లోపల ఖర్చయిపోయి వచ్చిన మనిషిలా ఉంటుంది. ఇస్సాకు రెండు మూడుసార్లు, "డాక్టరుకు సూపిద్దామా?" అన్నాడు. ఏమని చూపించాలో అమలకు తెలియలేదు. తింటుంది, నిద్రపోతుంది, నౌకరి చేస్తుంది.

మొదటి వాన కురిసిన రోజు పొద్దున, ఇస్సాకు డ్యూటీలో ఉన్నాడు. సందంతా మట్టివాసన. లోపల రూప గొంతు ఒకసారి ఆగింది. రెండు ఫోన్ల మధ్య వచ్చే ఖాళీ అది. అమల తన ఫోన్ తీసి, ఆఫీసులో చూసిన ఆ కాన్పుల ఆస్పత్రి నంబరు కొట్టింది. ఎందుకు కొట్టిందో ఆమె ముందుగా ఏమీ అనుకోలేదు. తీయని గొంతు పలికింది. ఏం సహాయం కావాలని అడిగింది.

"బిడ్డ పోయింది" అన్నది అమల. ఆ తర్వాత మాట్లాడలేదు. మాట్లాడకుండా ఉంటే యంత్రం ఏం చేస్తుందో ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు?

కాసేపు ఏదో సంగీతం. తర్వాత గోడ అవతల నుంచీ చెవిలో నుంచీ ఒకేసారి వినపడింది.

"చెప్పమ్మా. నేను ఇంటున్న."

అమల నోరు తెరిచింది. రూపా అనాలి. నేను, అక్కను అనాలి. నన్ను మాఫ్ జెయ్యి అనాలి, జోయెల్‌కు ఫోన్ జెయ్యి అనాలి. ఒక్క మాట అంటే చాలు, అవతల ఆ గొంతు మారిపోతుంది. కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పే గొంతు అయిపోతుంది. ఆ భయం పట్టుకుంది ఆమెకు.

"ఏం జెప్పకున్నా పర్వాలేదు" అన్నది రూప. "తొందర లేదు. ఊకె గిట్లనే ఉందాం. నేను పెట్టెయ్య."

ఆరు నెలల నుంచి ఆ ఇంట్లో ఎవరూ అమలతో అలా మాట్లాడలేదు. ఆమె గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. పెంకుల మీది నుంచి వాన చూరు వెంట కారుతోంది. ఆ వాన చప్పుడు తన ఫోన్లో నుంచి రూపకు వినపడుతుందనీ, రూప గదిలోనూ అదే వాన కురుస్తోందనీ ఆమెకు తోచలేదు. కళ్లు తుడుచుకోకుండా, చప్పుడు కాకుండా ఏడ్చింది. అవతల రూప మాటిచ్చినట్టే లైన్‌లో ఉంది. ఆమె ఊపిరి వినపడుతోంది.

"మీ తాన గూడ వాన పడ్తున్నట్టున్నది" అన్నది రూప చాలాసేపటికి, మెత్తగా.

అమల ఉలిక్కిపడి ఫోన్ పెట్టేసింది. ఇంకెవరో నిజమైన తల్లి అక్కడ సంగీతం వింటూ ఎదురుచూస్తుంటుందని కూడా అప్పుడే గుర్తొచ్చింది. తలుపు వైపు చూసింది. రూప లేచి వస్తుందేమోనని ఎదురుచూసింది. కుర్చీ జరిగిన చప్పుడు రాలేదు.

"చెప్పమ్మా. నేను ఇంటున్న" అన్నది లోపల గొంతు, ఇంకొకరితో.